ప్రొలాక్టిన్ పెరిగిందంటే పగ్గం ఎక్కడ జారినట్టు?

పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండలేదని ఒకరు, మూడు నెలలుగా నెలసరి రావడం లేదని ఇంకొకరు, చంటిబిడ్డ లేకుండానే రొమ్ముల నుంచి పాలు వస్తున్నాయని మరొకరు డాక్టరు దగ్గరికి వెళ్తారు. చీటీలో థైరాయిడ్ పరీక్ష పక్కనే ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోను) అని ఇంకోటి రాస్తారు. సాయంత్రానికి రిపోర్టు ఫోనుకు వచ్చేస్తుంది. 48 అన్న అంకె లావుపాటి అక్షరాల్లో ఉంటుంది, పక్కన పైకి చూపే బాణం. డాక్టరు కలిసేది మర్నాడు. ఆ రాత్రి ఫోనులో వెతికితే ముందుగా కంటబడే మాట ‘మెదడులో గడ్డ’.

గడ్డ కూడా ఒక కారణమే, కాదనలేం. కానీ కడుపుతో ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. గ్యాస్ మాత్ర వేసుకున్నా పెరుగుతుంది. థైరాయిడ్ మందగించినా, కిడ్నీలు దెబ్బతిన్నా, ఛాతీ మీద అక్కి లేచినా, సూది చూసి హడలిపోయినా పెరుగుతుంది. ఒంట్లో ఏ తేడా లేకపోయినా పరీక్ష పద్ధతిలోని మెలిక వల్ల కాగితం మీద పెరిగినట్టు కనిపించేదీ ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టున్న ఇన్ని సంగతులు ఒకే హార్మోనును ఎలా కదిలిస్తాయో తెలియాలంటే, ముందు అది మామూలుగా ఎలా అదుపులో ఉంటుందో చూడాలి.

జున్నుపాల పేరున్న గ్రంథి

మెదడు అడుగున, ముక్కు మొదలుకు వెనకవైపు, ఎముకలో చిన్న గుంట ఉంటుంది. అందులో శనగగింజంత గ్రంథి ఒకటి సన్నటి కాడకు వేలాడుతుంటుంది. దాని బరువు అర గ్రాము. ఇంగ్లిష్‌వాళ్లు పిట్యూటరీ అంటారు. ఆ పేరు కఫం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మెదడులోని కఫం దీనిగుండానే ముక్కులోకి దిగుతుందని పాతకాలపు యూరప్ వైద్యులు అనుకునేవారు. మన పాఠ్యపుస్తకాలు మాత్రం దాన్ని పీయూష గ్రంథి అన్నాయి. పీయూషమంటే అమృతమని అందరికీ తెలుసు. ఈనిన ఆవు తొలిపాలు, అంటే జున్నుపాలు, అనే అర్థం కూడా ఆ మాటకుంది. పేరు పెట్టినవారు ఆలోచించి పెట్టారో లేదో గానీ, పాలు పట్టించే హార్మోను పుట్టేది ఇక్కడే కాబట్టి మన పేరే బాగా అతికింది.

1928లో స్ట్రాస్‌బుర్గ్‌లో స్ట్రికర్, గ్రూటర్ అనే ఇద్దరు పరిశోధకులు పీయూష గ్రంథి సారాన్ని కుందేళ్లకు ఎక్కించి పాలు పడేలా చేశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అమెరికాలో ఆస్కార్ రిడిల్ బృందం పావురాల మీద పనిచేసి ఈ పదార్థానికి ప్రొలాక్టిన్ అని పేరు పెట్టింది. పావురాలు పిల్లలకు గొంతు సంచిలో ఊరే పాలలాంటి పదార్థాన్ని తినిపిస్తాయి. తల్లికే కాదు, తండ్రి పావురానికీ అది ఊరుతుంది. మనుషుల్లో ప్రొలాక్టిన్ విడిగా ఉందా లేదా అన్నది మాత్రం 1970 దాకా తేలలేదు. మనిషి గ్రోత్ హార్మోనుకే పాలు పట్టించే గుణం కొంత ఉండటంతో, రెండు పనులూ అదే చేస్తోందని చాలామంది అనుకున్నారు. 1970, 71ల్లో రెండూ వేరని రుజువయ్యాకే రక్తంలో దీన్ని నిక్కచ్చిగా కొలవడం మొదలైంది. మగపావురంలో ఉన్నట్టే మగవాళ్లలోనూ ఈ హార్మోను ఉంటుంది. ఈ సంగతి ఇప్పటికీ చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

పల్లానికి దిగే బండి

పీయూష గ్రంథి వదిలే మిగతా హార్మోన్లు చాలావరకు ఎత్తు ఎక్కే ఎద్దుబండ్ల లాంటివి. పైన మెదడులో ఉన్న హైపోథాలమస్ అనే భాగం అదిలిస్తేనే కదులుతాయి, అదిలింపు ఆగితే నిలబడిపోతాయి. ప్రొలాక్టిన్ దీనికి పూర్తిగా తిరగబడిన వ్యవహారం. దాన్ని తయారుచేసే కణాలను వాటి మానాన వదిలేస్తే ఆపకుండా స్రవిస్తూనే ఉంటాయి. ఇది పల్లానికి దిగే బండి, పగ్గం ఎవరో ఒకరు లాగి పట్టుకుని ఉండాలి.

ఆ పగ్గం పేరు డోపమైన్. హైపోథాలమస్‌లో పుట్టి, గ్రంథిని వేలాడదీసిన కాడలోని సన్నటి రక్తనాళాల గుండా కిందికి దిగి, ప్రొలాక్టిన్ కణాల మీదున్న గ్రాహకాలను, అంటే కబురు అందుకునే చోట్లను, పట్టుకుంటుంది. పట్టుకున్నంతసేపూ స్రావం తగ్గి ఉంటుంది. కాడ తెగితే మిగతా హార్మోన్లు పడిపోతాయి, ప్రొలాక్టిన్ ఒక్కటే పెరుగుతుంది.

పగ్గం ఉన్నట్టే చర్నాకోలలూ కొన్ని ఉన్నాయి. ఆడవాళ్ల హార్మోను ఈస్ట్రోజెన్ ఒకటి. థైరాయిడ్‌ను నడిపించడానికి హైపోథాలమస్ పంపే టీఆర్‌హెచ్ ఇంకొకటి. బిడ్డ చనుమొన పట్టుకున్నప్పుడు నరాల వెంట వెళ్లే కబురు మూడోది.

బిడ్డకు పాలిస్తున్నన్నాళ్లు నెలసరి ఆలస్యం కావడం మన ఇళ్లలో అందరూ ఎరిగిందే. ఎక్కువైన ప్రొలాక్టిన్, అండాశయాలను నడిపించే పై ఆజ్ఞలను మెదడు దగ్గరే అణచేస్తుంది. చంకలో బిడ్డ ఉండగా మరో కాన్పు త్వరగా రాకుండా ప్రకృతి పెట్టుకున్న ఏర్పాటు అది. బిడ్డ లేకుండానే ప్రొలాక్టిన్ పెరిగితే ఒళ్లు పాలిచ్చే తల్లిలాగే నడుచుకుంటుంది. నెలసరి తప్పుతుంది, అండం విడుదల కాదు, కొందరికి పాలు కారతాయి. అదే ఆజ్ఞ మగవాళ్లలో అణిగితే టెస్టోస్టెరోన్ తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే ఆడామగా ఇద్దరికీ ఎముకలు పలచబడతాయి.

48 అంటే ఎంత? ముందు కొలమానం చూడాలి

కొన్ని ల్యాబులు ప్రొలాక్టిన్‌ను మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని లీటరుకు మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లలో. మొదటి అంకెను సుమారు 21తో హెచ్చిస్తే రెండోది వస్తుంది. ఒక ల్యాబులో 50 వచ్చిన మనిషికే ఇంకో ల్యాబులో 1,060 వస్తే రెండూ ఒకటే. కొలమానం చూడకుండా అంకెలు పోల్చుకుని, నెలలోనే ఇరవై రెట్లు పెరిగిందని కంగారుపడేవాళ్లున్నారు. ఇక్కడినుంచి నేను చెప్పే అంకెలన్నీ నానోగ్రాముల లెక్కలోవే.

కడుపుతో లేని ఆడవాళ్లకు 25 వరకు, మగవాళ్లకు 20 వరకు మామూలుగా లెక్కిస్తారు. ల్యాబును బట్టి ఈ హద్దు కాస్త అటూఇటూ జరుగుతుంది. హద్దు దాటాక 100 లోపు ఉన్న అంకె పెద్దగా ఏమీ చెప్పదు. మందు, థైరాయిడ్, ఒత్తిడి, చిన్న గడ్డ, అన్నీ ఆ మధ్యలోనే ఇరుక్కుని ఉంటాయి. 250 దాటితే ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డ, అంటే ప్రొలాక్టినోమా, ఉండే అవకాశం బాగా ఎక్కువ. 500 దాటితే అది పెద్ద గడ్డే అయి ఉంటుందని అనుకోవచ్చు. ఈ లెక్కకు మినహాయింపులున్నాయి. రిస్పెరిడోన్ లాంటి మందు ఒక్కటే 200 దాటించగలదు.

రోగమేమీ లేకుండా పెరిగే వేళలు

అన్నిటికన్నా మామూలు కారణం గర్భం. నెలలు నిండేసరికి ప్రొలాక్టిన్ 200 దాకా, కొందరిలో ఇంకా పైకి వెళ్తుంది. గ్రంథి కూడా ఉబ్బుతుంది. నెలసరి తప్పిందని వచ్చిన ఆమెకు ప్రొలాక్టిన్ ఎక్కువుంటే ఎమ్మారై కన్నా ముందు చూడాల్సింది గర్భ పరీక్షే. పెళ్లికాని అమ్మాయి దగ్గర ఈ మాట ఎత్తడానికి మొహమాటపడి, నేరుగా స్కానింగుకు పంపితే డబ్బూ మనశ్శాంతీ రెండూ పోతాయి. కాన్పయ్యాక పాలిచ్చే తల్లిలో బిడ్డ తాగిన ప్రతిసారీ ఈ హార్మోను ఎగసి దిగుతుంది.

నిద్రలోనూ పెరుగుతుంది. తెల్లవారుజామున అన్నిటికన్నా ఎక్కువగా ఉండి, లేచాక గంట రెండు గంటల్లో దిగుతుంది. పరగడుపున ఇవ్వాలి కదా అని నిద్ర లేచిన వెంటనే ల్యాబుకు పరిగెత్తేవాళ్లకు అంకె కాస్త ఎక్కువ వచ్చేది అందుకే. మాంసకృత్తులున్న భోజనం, వ్యాయామం, సంభోగం, భయం కూడా పెంచుతాయి. నిజంగా మూర్ఛ వచ్చినప్పుడు పది ఇరవై నిమిషాల్లోనే ప్రొలాక్టిన్ ఎగసిపడుతుంది. వచ్చింది మూర్ఛేనా, మానసిక కారణంతో వచ్చిన అలాంటి స్థితా అని తేల్చడానికి నరాల వైద్యులు కొన్నిసార్లు దీన్ని వాడుకుంటారు.

ఒత్తిడి వల్ల పెరిగేది సాధారణంగా 40 దాటదు. మూడంతస్తుల మెట్లెక్కి ఆయాసంతో వచ్చి, నరం దొరక్క రెండుసార్లు సూది గుచ్చించుకున్న మనిషికి 34 వచ్చిందనుకుందాం. ఆ 34 ఆమె రోగమా, ఆమె పడ్డ హైరానానా? ఇక్కడ నిపుణులే రెండు రకాలుగా మాట్లాడతారు. అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు, పెద్దగా బాధ లేకుండా తీసిన రక్తమైతే ఒక్క కొలత చాలన్నాయి. రక్తాన్ని ఏ వేళ తీసినా ఫరవాలేదన్నాయి. ఇలా కొద్దిగా పెరిగిన అంకెను నమ్మే ముందు మళ్లీ చూడాలనేది రెండో పక్షం. సన్నటి గొట్టం ముందే పెట్టి, మనిషిని కాసేపు ప్రశాంతంగా కూర్చోబెట్టి తీసిన రక్తంలో అంకె మామూలుకు వచ్చేస్తే ఎన్నో స్కానులు తప్పుతాయని వీరి వాదన. 180 వచ్చినప్పుడు ఈ తగవే లేదు. 30, 40 దగ్గరే రెండో పక్షం వాదన నాకు బలంగా తోస్తుంది.

గ్యాస్ మాత్రకూ పాలకూ ఏమిటి సంబంధం?

గర్భాన్ని పక్కన పెడితే అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం మందులే. రోగులు డాక్టరుకు చెప్పడం మర్చిపోయేది కూడా వీటినే, ఎందుకంటే వాటిలో కొన్నింటిని వాళ్లు మందులుగానే లెక్కపెట్టరు.

వాంతి, కడుపుబ్బరం తగ్గించే డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్ మూడూ డోపమైన్ గ్రాహకాలను మూసేసే మందులే. మన దగ్గర డోంపెరిడోన్, లెవోసల్పిరైడ్ తరచుగా విడిగా కాకుండా పాంటోప్రజోల్, రాబిప్రజోల్ లాంటి అసిడిటీ మందుతో కలిపిన ఒకే క్యాప్సూల్‌గా వస్తాయి. పైపేరు చూస్తే లోపల రెండున్నాయని తెలియదు. పరగడుపునే ఒకటి వేసుకుంటే చాలని ఎవరో చెబితే, చీటీ లేకుండానే మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి వేసుకునేవాళ్లు మన ఊళ్లలో కొల్లలు. ఏం మందులు వాడుతున్నావమ్మా అని డాక్టరు అడిగితే, ‘ఏమీ లేవండీ, గ్యాస్ మాత్ర తప్ప’ అంటారు. ఆ ‘తప్ప’లోనే సమాధానం దాగి ఉండవచ్చు.

డోంపెరిడోన్ విషయంలో ఒక చిత్రముంది. అది మెదడులోకి సరిగా వెళ్లలేదు. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడ దాన్ని ఆపేస్తుంది. అందుకే మెటోక్లోప్రమైడ్‌తో వచ్చే మెడ బిగుసుకోవడం, వణుకు లాంటివి దీనితో అరుదు. కానీ పీయూష గ్రంథి ఆ గోడకు బయటే ఉంది. మెదడుకు అందని మందు గ్రంథికి తేలిగ్గా అందుతుంది, పగ్గాన్ని పట్టుకునే చోటును మూసేస్తుంది. కాన్పయ్యాక పాలు సరిగా పడని తల్లులకు కొందరు డాక్టర్లు దీన్నే రాయడానికి ఆధారమూ ఇదే. ఒకరికి దుష్ప్రభావమైంది ఇంకొకరికి వైద్యం. దానిమీదా ఏకాభిప్రాయం లేదు. గుండె లయ తప్పే ప్రమాదాన్ని చూపి అమెరికా ఔషధ సంస్థ 2004లోనే ఆ వాడకం వద్దని హెచ్చరించింది. కొన్ని దేశాల డాక్టర్లు మాత్రం తక్కువ మోతాదులో, గుండె జబ్బు లేనివారికి వాడుతూనే ఉన్నారు.

మానసిక వ్యాధుల మందులది ఇంకా చిక్కు వ్యవహారం. లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు తగ్గాలంటే మెదడులో డోపమైన్ గ్రాహకాలను మూయాలి. అదే రకం గ్రాహకాలు గ్రంథిలోనూ ఉన్నాయి కాబట్టి ప్రొలాక్టిన్ కూడా లేస్తుంది. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడోల్ బాగా పెంచుతాయి. క్వెటియాపిన్, క్లోజపిన్ పెంచేది చాలా తక్కువ. అరిపిప్రజోల్ గ్రాహకాన్ని సగం మూసి సగం నడిపిస్తుంది కాబట్టి ప్రొలాక్టిన్‌ను తగ్గిస్తుంది కూడా. మందు ఆపి చూస్తే కారణం తేలిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, దానికి చెల్లించే మూల్యం ప్రొలాక్టిన్ కన్నా పెద్దది కావచ్చు. అందుకే మందు మార్చడమో, కొద్ది రోజులు ఆపి మళ్లీ పరీక్షించడమో మానసిక వైద్యుడితో మాట్లాడకుండా చేయకూడదని మార్గదర్శకాలన్నీ అంటున్నాయి. ఆపడం కుదరకపోతే, గడ్డ లేదని తేల్చుకోవడానికే ఎమ్మారై తీస్తారు.

బీపీకి వాడే వెరపమిల్, మిథైల్‌డోపా, కొన్ని రకాల నొప్పి మందులు, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు కూడా ఈ జాబితాలోవే. మందుల వల్ల వచ్చే పెరుగుదల ఎక్కువగా 25కీ 100కీ మధ్య ఉంటుంది.

థైరాయిడ్, కిడ్నీ, అక్కి

థైరాయిడ్ మందగిస్తే దాన్ని లేపడానికి హైపోథాలమస్ టీఆర్‌హెచ్‌ను గట్టిగా పంపుతుంది. ఆ చర్నాకోల దెబ్బ ప్రొలాక్టిన్ కణాలకూ తగులుతుంది. పెరుగుదల సాధారణంగా కొద్దిగానే ఉంటుంది, థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి థైరాయిడ్‌ను పట్టించుకోని మనిషిలో పీయూష గ్రంథే ఉబ్బిపోయి, స్కానులో అచ్చం గడ్డలా కనిపిస్తుంది. థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ వంద దాటి, ప్రొలాక్టిన్ 60 ఉన్న అమ్మాయికి ఎమ్మారై ముందు తీస్తే ఆపరేషన్ మాట వినబడవచ్చు. టీఎస్‌హెచ్ ముందు చూస్తే మాత్రతోనే కొన్ని నెలల్లో ఆ ఉబ్బు కరిగిపోతుంది. ఒకే మనిషి, రెండు పరీక్షల వరసలో తేడా.

కిడ్నీలు ప్రొలాక్టిన్‌ను రక్తంలోంచి తొలగించే పనిలో ఉంటాయి. అవి దెబ్బతింటే హార్మోను పేరుకుపోతుంది, పగ్గం పట్టు కూడా సడలుతుంది. డయాలసిస్ దీన్ని పెద్దగా సరిచేయలేదు, కిడ్నీ మార్పిడి చేస్తే తగ్గుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నాం. క్రియాటినిన్, డయాలసిస్ సెంటర్ల లెక్కలు చెప్పుకుంటాం. కిడ్నీ జబ్బు దాంపత్య జీవితాన్నీ సంతానాన్నీ ఎలా తాకుతుందో మాత్రం ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. లివర్ బాగా దెబ్బతిన్నవారిలోనూ కొంత పెరుగుదల కనిపిస్తుంది.

ఇక అక్కి. ఛాతీ మీద అక్కి లేచినా, కాలిన గాయమైనా, ఆపరేషన్ జరిగినా ఛాతీ నరాలు మెదడుకు పంపే కబురు బిడ్డ పాలు తాగుతున్నప్పుడు వెళ్లే కబురు దారినే పోతుంది. పైనున్న మెదడుకు తేడా తెలియక పగ్గం వదులు చేస్తుంది.

ఒకే అంకె, రెండు గడ్డలు

పీయూష గ్రంథిలో వచ్చే గడ్డల్లో సుమారు నూటికి 40 ప్రొలాక్టినోమాలే. వీటిలో దాదాపు అన్నీ క్యాన్సర్ కానివి. ‘బ్రెయిన్ ట్యూమర్’ అన్న మాట వినగానే కళ్లముందు కదిలే బొమ్మకూ వీటికీ చాలా దూరం. సెంటీమీటరులోపు ఉంటే చిన్నవి, ఆపైన పెద్దవి. చిన్నవి ఆడవాళ్లలో ఎక్కువ. ఈ గడ్డల కణాలకు డోపమైన్ గ్రాహకాలు ఉంటాయి. అందుకే డోపమైన్‌లా పనిచేసే బ్రోమోక్రిప్టిన్, వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే క్యాబర్గోలిన్ మాత్రలతో చాలావాటిలో ప్రొలాక్టిన్ దిగుతుంది, గడ్డ కూడా కుంచించుకుపోతుంది. మాత్రలతో కరిగే గడ్డలు వైద్యంలో అరుదు.

మగవాళ్లలో దొరికేవి ఎక్కువగా పెద్దవి. కారణంలో కొంత జీవశాస్త్రం, కొంత మన సమాజం. ఆడవాళ్లకు నెలసరి తప్పితే ఏదో తేడా ఉందని మొదటి నెలలోనే తెలుస్తుంది. మగవాడికి కోరిక తగ్గితే అది వయసనో పని ఒత్తిడనో సరిపెట్టుకుంటాడు. లేదంటే బస్టాండ్ గోడల మీద ‘నరాల బలహీనత’ ప్రకటనలోని నంబరుకు రహస్యంగా ఫోను చేస్తాడు. ఈలోగా గడ్డ పెరిగి, పైన కళ్ల నరాలు కలిసే చోటును నొక్కుతుంది. ఎదురుగా ఉన్నవి కనిపిస్తాయి, రెండు పక్కలా ఉన్నవి కనిపించవు. పక్కనుంచి వచ్చే బండిని చూడలేక, తలుపు అంచుకు భుజం కొట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, అక్కడ అసలు జబ్బు బయటపడుతుంది.

ఇద్దరు మగవాళ్లను ఊహించుకుందాం. ఇద్దరికీ చూపు తగ్గింది. ఇద్దరి ఎమ్మారైలోనూ మూడు సెంటీమీటర్ల గడ్డ. ఇద్దరి రిపోర్టులోనూ ప్రొలాక్టిన్ 80.

మొదటి మనిషి గడ్డ ప్రొలాక్టిన్ తయారుచేసేది కానే కాదు. అది పెరిగి పెరిగి పైనున్న కాడను నొక్కింది, కాడలోంచి డోపమైన్ దిగడం తగ్గింది, గడ్డకు ఏ సంబంధమూ లేని మంచి కణాలు పగ్గం తప్పి ప్రొలాక్టిన్ వదులుతున్నాయి. ఇలా కాడ నొక్కుకోవడం వల్ల పెరిగేది సాధారణంగా 100 లోపే ఆగుతుంది. మాత్ర వేస్తే ప్రొలాక్టిన్ 10కి దిగవచ్చు గానీ గడ్డ కరగదు. చూపు నిలబడాలంటే దీనికి ఆపరేషనే.

రెండో మనిషిది నిజమైన ప్రొలాక్టినోమా. రక్తంలో అతని ప్రొలాక్టిన్ వేలల్లో ఉంది. మరి 80 ఎందుకొచ్చింది? పరీక్షలో హార్మోనుకు అతుక్కునే రెండు యాంటీబాడీలు వాడతారు. ఒకటి హార్మోనును ఒకవైపు పట్టుకుంటుంది, రెండోది ఇంకోవైపు పట్టుకుని కొలతకు గుర్తు ఇస్తుంది. మధ్యలో కూర్చున్న హార్మోను రెండింటినీ కలపాలి. హార్మోను మరీ ఎక్కువైతే రెండు యాంటీబాడీలకూ వేర్వేరుగా అతుక్కుపోతుంది, జంట కుదరదు, యంత్రం తక్కువ చూపిస్తుంది. రక్తాన్ని వంద రెట్లు పలచన చేసి మళ్లీ చూస్తే అసలు లెక్క బయటపడుతుంది. పెద్ద గడ్డ ఉండి ప్రొలాక్టిన్ కొద్దిగానే పెరిగినప్పుడు ఇలా పలచన చేసి చూడటం అవసరమని నిపుణులు పట్టుబట్టేది ఇందుకే. ఇతనికి చూపు దక్కించేది చాలావరకు మాత్రే.

తలను తెరవాలా, మాత్ర ఇవ్వాలా అన్నది ల్యాబులో జరిగే ఆ ఒక్క పనిమీద ఆధారపడుతుంది.

కాగితం మీద పెరిగే ప్రొలాక్టిన్

పై కథకు తలకిందులుగా జరిగేదీ ఉంది. కొందరి రక్తంలో ప్రొలాక్టిన్ యాంటీబాడీతో అతుక్కుని పెద్ద ముద్దగా తిరుగుతుంటుంది. దాన్ని మాక్రోప్రొలాక్టిన్ అంటారు. పేరు దగ్గరగా ఉంది కదాని పెద్ద గడ్డతో కలిపేసుకోకూడదు, రెండింటికీ సంబంధం లేదు. ఆ ముద్ద కణాల దాకా చేరలేదు కాబట్టి ఒంటికి పెద్దగా హాని లేదు. అంత తేలిగ్గా బయటికీ పోదు కాబట్టి రక్తంలో నిలవ ఉంటుంది. యంత్రం మాత్రం దాన్నీ లెక్కపెట్టి అంకె పెంచేస్తుంది. ప్రొలాక్టిన్ ఎక్కువని తేలినవాళ్లలో పదిమందికి ఒకరి నుంచి నలుగురికి ఒకరి దాకా ఇదే కారణమని లెక్కలున్నాయి.

పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం కలిపితే ఈ ముద్దలు అడుగుకు చేరతాయి. పైన మిగిలినదాన్ని కొలుస్తారు. మొత్తం 80 వచ్చిన ఆమెకు, పలచనైన లెక్క సవరించాక, మిగిలింది 22 అనుకుందాం. నూటికి 40 కన్నా తక్కువే మిగిలింది, పైగా మిగిలిన 22 మామూలు హద్దులోనే ఉంది. ఆమె నెలసరి సరిగానే వస్తుంటే, పాలు కారడం లేకపోతే, ఎమ్మారై అవసరం ఉండదు. ఈ పరీక్ష లక్షణాలు లేనివాళ్లకు చాలని 2011 నాటి మార్గదర్శకం సూచించింది. ప్రొలాక్టిన్ పెరిగిన ప్రతి రక్తంలోనూ చేయాలనేవాళ్లూ ఉన్నారు. నెలసరి తప్పడం, సంతానం ఆలస్యం కావడం లాంటివి వేరే కారణాలతోనూ వస్తాయి కాబట్టి, లక్షణాలున్నాయని ఈ అనుమానాన్ని కొట్టిపారేయలేమని వాళ్లు గుర్తుచేస్తారు.

జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని యంత్రాల్లో ప్రొలాక్టిన్‌ను తప్పుగా తక్కువ చూపిస్తాయి. గ్యాస్ మాత్ర పెంచితే జుట్టు మాత్ర దాస్తుందన్నమాట. రెండూ డాక్టరుకు చెప్పనివే.

పీసీఓడీ ఉంటే ప్రొలాక్టిన్ పెరుగుతుందా?

సంతాన సాఫల్య కేంద్రాల దగ్గర ఎక్కువగా వినబడే ప్రశ్న ఇదే. పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉన్న కొందరిలో ప్రొలాక్టిన్ 30, 35 దగ్గర కనిపిస్తుందన్నది నిజం. ఈస్ట్రోజెన్ ఎడతెగకుండా ఉండటం వల్లే పెరుగుతుందన్నది పాత వివరణ. రెండూ చాలామందిలో కనిపించే సమస్యలే కాబట్టి ఒకే మనిషిలో తారసపడటం యాదృచ్ఛికమని, పీసీఓడీ ప్రొలాక్టిన్‌ను పెంచదని ఇప్పుడు చాలామంది ఎండోక్రినాలజిస్టులు (హార్మోన్ల డాక్టర్లు) అంటారు. మాక్రోప్రొలాక్టిన్, మందులు, సూది భయం తీసేసి చూస్తే పీసీఓడీ వాళ్లలో మిగిలే పెరుగుదల చాలా తక్కువన్నది వాళ్ల ఆధారం. ఆచరణలో తేడా ఏమిటంటే, మొదటి వివరణ నమ్మితే పీసీఓడీ అని రాసి ఊరుకుంటారు, రెండోది నమ్మితే ఇంకో కారణం కోసం వెతుకుతారు. అలా వెతికినప్పుడు థైరాయిడో మందో చిన్న గడ్డో దొరికిన సందర్భాలు ఉన్నాయి. అందుకే నాకు రెండో వాదనే మెరుగనిపిస్తుంది.

వెతకడానికీ ఒక ఖరీదుంది. ఏ లక్షణమూ లేని మామూలు మనుషులకు ఎమ్మారై తీసినా సుమారు పదిమందిలో ఒకరికి పీయూష గ్రంథిలో చిన్న మచ్చ కనిపిస్తుంది. ప్రొలాక్టిన్ 38 ఉందని, మందులూ థైరాయిడూ చూడకుండా ఎమ్మారై తీస్తే నాలుగు మిల్లీమీటర్ల మచ్చ ఒకటి కనబడవచ్చు. అసలు కారణం రోజూ వేసుకునే డోంపెరిడోన్ అయి ఉండి, ఆ మచ్చ ఎప్పటినుంచో ఊరికే అక్కడ ఉన్నదే కావచ్చు. ఒకసారి రిపోర్టులో అడినోమా (గ్రంథిలో గడ్డ) అని అచ్చయ్యాక పెళ్లి సంబంధాల దాకా ఆ మాట వెంటాడుతుంది.

ఏమీ దొరకనప్పుడు

గర్భం లేదు, మందులు లేవు, థైరాయిడ్, కిడ్నీ బాగున్నాయి, ముద్దలు లేవు, ఎమ్మారైలో ఏమీ లేదు. అయినా ప్రొలాక్టిన్ 55. ఇలాంటివాళ్లను కారణం తెలియని వర్గంలో వేస్తారు. వీళ్లలో కొందరికి ఎమ్మారైకి అందనంత చిన్న గడ్డ ఉంటుందని అనుకుంటారు. మందేమీ వాడకుండా ఇలాంటివాళ్లను గమనిస్తూ వస్తే మూడోవంతు మందికి ప్రొలాక్టిన్ దానంతటదే మామూలుకు వచ్చింది, నూటికి పది పదిహేనుమందికి ఇంకా పెరిగింది, మిగతావాళ్లకు అక్కడే నిలబడింది. నెలసరి సరిగా వస్తూ, పిల్లలు కావాలనే తొందర లేని మనిషికి మాత్ర మొదలుపెట్టకుండా కొన్ని నెలలకోసారి కొలిచి చూస్తూ ఉండటం కూడా డాక్టర్లు ఒప్పుకునే దారే. కడుపు కోసం చూస్తున్న ఆమెకు అదే 55 ఉంటే క్యాబర్గోలిన్ రాస్తారు. చాలామందిలో ప్రొలాక్టిన్ దిగిన కొన్ని వారాలకే నెలసరి తిరిగి మొదలవుతుంది, దానికి ముందే అండం విడుదలవుతుంది కాబట్టి నెలసరి కోసం ఎదురుచూస్తుండగానే నెల తప్పినవాళ్లూ ఉన్నారు. అప్పుడు మళ్లీ ప్రొలాక్టిన్ చూస్తే పెరిగే ఉంటుంది. ఈసారి కారణం ఎవరూ వెతకరు.